మైకుసెట్టు సుందరరాజు ఛైర్మన్ పోటీ

నంద్యాలలో పెళ్లయినా, క్రిస్మస్ అయినా, పీర్ల పండగయినా, ఎవరి బర్రె తప్పిపోయినా జనానికి ముందు వినపడేది సుందరరాజు గొంతే. ఆయన ఆళ్లగడ్డ మిషన్ బడి పంతులు కొడుకు. చదువు అబ్బలేదు. డెబ్బైల మొదట్లో నంద్యాలకు వచ్చి, కూరగాయల మార్కెట్టు ఎదురుగా మైకుసెట్టు అంగడి పెట్టుకున్నాడు. ఎన్నికలొస్తే అన్ని పక్షాలకూ ఆయనే దిక్కు. పొద్దున ఒకరికి ఓటేయమని, సాయంత్రం ఇంకొకరికి ఓటేయమని అదే భక్తితో చెప్పేవాడు. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆయన పనే అది.

1987లో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. ఛైర్మన్‌ను ఈసారి నేరుగా జనమే ఎన్నుకోవాలన్నారు. పోటీకి దిగిన కాంట్రాక్టరు చెన్నకేశవులు అందరికన్నా ముందొచ్చి సుందరరాజు దగ్గరున్న మైకులన్నీ మాట్లాడుకున్నాడు. ఊరంతా తిప్పడానికి ఆయన గొంతు క్యాసెట్టులో కూడా రికార్డు చేయించుకున్నాడు.

ఎండలు ముదురుతున్న రోజులవి. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, అంగడి ముందు టమేటాలమ్మే నాగేశ్వరమ్మ గంప పక్కనే కళ్లు తిరిగి పడిపోయింది. సుందరరాజు పరుగున పోయి లేపి, గోలీసోడా కొట్టి ఇచ్చాడు. ఆమె పెదవులు తడుపుకుని సీసా పక్కన పెట్టేసింది.

"తాగమ్మా."

"తాగితే యాడికి పోవల్లప్పా?" అంది నాగేశ్వరమ్మ.

సుందరరాజుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మొహం చూడలేకపోయాడు. మార్కెట్టులో కూర్చునే ఆడవాళ్లలో చాలామంది తెల్లవారుజామున వచ్చి పొద్దుగూకేదాకా నీళ్లు ముట్టరని ఆ రోజే తెలిసింది. పదిహేనేళ్లుగా ఎదురుగానే కూర్చుని ఆ సంగతి గమనించలేదు తను.

మర్నాడు చెన్నకేశవులు వస్తే, మార్కెట్టులో ఆడవాళ్లకు పాయిఖానాలు కట్టిస్తానని ఉపన్యాసంలో ఒక్క మాట చెప్పమని అడిగాడు. చెన్నకేశవులు చుట్టూ ఉన్నవాళ్లను చూసి నవ్వాడు.

"అంత పెద్ద మీటింగులో ఆ మాట చెప్పుకుంటారా అప్పా? పరువు యాడుంటది?"

ఆ నవ్వు సుందరరాజుకు మింగుడు పడలేదు. రెండు రోజులు దాన్నే తలుచుకుంటూ తిరిగి, మూడో రోజు తనే పోయి నామినేషన్ వేసి వచ్చాడు. భార్య మణెమ్మ అన్నం వడ్డిస్తూ విని గంటె కిందపెట్టింది. పిచ్చి పట్టిందా అని కూడా అడగలేదు. "మైకులన్నీ వాళ్లకిస్తివి గదయ్యా, నువ్వు దేంట్లో చెప్తావు?" అంది. ఆ సంగతి ఆయనకు అప్పటికి గాని తట్టలేదు. ఇచ్చిన మాట తప్పడానికి మనసొప్పలేదు. నోటితోనే చెప్పుకుంటానన్నాడు.

గుర్తుగా గొడుగు అడిగితే బకెట్టు ఇచ్చారు. ఇంట్లో నీళ్లు తోడే బకెట్టు పట్టుకునే వీధులు తిరిగాడు. ఆయన ఒక సందులోకి పోయేసరికి జట్కా మీద ఆయన గొంతే ఎదురొచ్చేది. "సోదర సోదరీమణులారా, మీ అమూల్యమైన ఓటు చెన్నకేశవులు గారికే" అని గణగణలాడేది. దాని వెనకే ఆయన చెమటలు కక్కుకుంటూ, ఆ ఓటు తనకు వేయమని బతిమాలుకునేవాడు. ఒక ముసలాయన అరుగు మీద నుంచి ఇద్దరినీ ఓపిగ్గా విని, "ఆ బండోడు నీకంటే బాగా చెప్తాండాడు" అన్నాడు.

ఆళ్లగడ్డ నుంచి బావమరిది ఏసయ్య బంధుబలగాన్ని వెంటబెట్టుకుని తప్పెట్లతో బస్సు దిగాడు. మా ఊరి బిడ్డ అని వాళ్లు వీధివీధినా ఎగిరారు. సుందరరాజు గుండె ఉప్పొంగింది. గెలుపు ఖాయమనుకున్నాడు. మణెమ్మ పొద్దున బస్తాడు బియ్యం వైపు, మాపటికి ఖాళీ గోనె వైపు చూసి, ఇంతమందిలో ఎందరికి ఓటుందని తమ్ముణ్ణి అడిగింది.

"ఓటు యాడిదక్కా? మావన్నీ ఆళ్లగడ్డలో కదా" అన్నాడు ఏసయ్య, ఇంకొంచెం పప్పు వేసుకుంటూ.

చివరి రోజు మార్కెట్టులో ఉల్లిగడ్డల మూటల మీద నిలబడి మాట్లాడాడు. చేతిలో మైకు లేకపోయేసరికి ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సోదర సోదరీమణులారా" అని మొదలుపెట్టాక ఇక నోరు అలవాటు దారిలో దానంతటదే పోయింది. "అత్యధిక మెజారిటీతో చెన్నకేశవులు గారిని" అనేసి ఆగిపోయాడు. మార్కెట్టంతా ఘొల్లుమంది. మణెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయన సంగతి మాకెందుకప్పా? నీ సంగతి చెప్పు" అంది నాగేశ్వరమ్మ గంప దగ్గర నుంచే.

అప్పుడు ఆ ఉపన్యాసం వదిలేసి మామూలుగా మాట్లాడాడు. తనకు రోడ్లూ దీపాలూ తెలియవన్నాడు. "ఈడ కూర్చునే ఆడోళ్లు పొద్దన్నుంచి మాపటిదాకా నీళ్లు తాగకుండా ఉండారు. గెలిస్తే ముందు పాయిఖానాలు కట్టిస్తా. అది అయినాకే మిగతావి" అన్నాడు. మగవాళ్లు ఇకిలించారు. ఆడవాళ్లు ఒక్కరూ తలెత్తలేదు. బెండకాయలు సర్దుకుంటూ, చిల్లర ఏరుకుంటూ ఉండిపోయారు. చెప్పరాని మాట చెప్పానేమోనని సుందరరాజు సిగ్గుతో మూటల మీద నుంచి దిగాడు.

ఓడిపోయాడు. ధరావతు కూడా దక్కలేదు. కానీ మార్కెట్టు వైపున్న రెండు బూతుల్లో మాత్రం డబ్బాలు తెరిస్తే బకెట్టు మీద బకెట్టు రాలింది. ఏజెంట్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొద్ది ఓట్ల తేడాతో గెలిచి బయటపడిన చెన్నకేశవులుకు అది బాగా తగిలింది. ఏడాది తిరక్కముందే మార్కెట్టు వెనక ఆడవాళ్లకు నాలుగు పాయిఖానాలు కట్టించి, గోడ మీద తన పేరు పెద్దక్షరాలతో రాయించాడు.

ఆ పేరు ఎవరూ చదవలేదు. ఒకరోజు మణెమ్మ వంకాయలు బేరం చేస్తుంటే, అమ్మే ఆమె పక్క ఆమెతో "గంప జూస్తుండు, సుందర్రాజు కాడికి పోయొస్తా" అని లేచి పోయింది. మణెమ్మకు తల తిరిగిపోయింది. పక్క ఆమెను గట్టిగా నిలదీసింది. పాయిఖానాలకు ఆడవాళ్లంతా పెట్టుకున్న పేరే అదని తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియక, వంకాయలు తీసుకోకుండానే అంగడికొచ్చి మొగుడి మీద పడింది. పేరు మార్పించమంది. రేపు ఆళ్లగడ్డ చుట్టాలు వింటే తలెత్తుకోలేమంది.

సుందరరాజు చేతిలో ఉన్న తీగె చుట్ట కింద పెట్టాడు.

"ఊర్లో వీధులకూ చౌకులకూ ఎంతెంత పెద్దోళ్ల పేర్లో ఉండాయి. వాళ్లను ఇంత తొందరగా తల్చుకునేటోళ్లు ఎవరన్నా ఉండారా?" అన్నాడు.

మణెమ్మ కోపంగానే ఉండాలనుకుంది. సాధ్యం కాలేదు. ఇంటికి సగం దారి నవ్వుకుంటూ పోయి, మళ్లీ వెనక్కొచ్చి వంకాయలు కొనుక్కుంది.