కమాండో కాలు

మొన్న మంగళవారం పొద్దున కొరియర్ అతను వచ్చి, వీధిలో నుంచే అన్న పేరు పిలిచి, నేను గడప దాటేసరికి ఎప్పుడో పైదేశం నుంచి బయల్దేరిన చిన్న అట్టపెట్టె ఒకటి చేతిలో పెట్టి సంతకం చేయమన్నాడు. అన్న పోయి అప్పటికి మూడు నెలలు. ఆ సంగతి అతనికి చెప్పాలనిపించలేదు, చెబితే అతను పెట్టే మొహం చూడాలి, దానికి నేను మళ్ళీ ఏదో ఒకటి అనాలి. సంతకం చేసి లోపలికొచ్చి, కత్తెరతో టేపు కోసి చూస్తే తల లేని బొమ్మ, బెత్తెడు ఉంటుంది, మోకాళ్ళూ మోచేతులూ అన్నీ మడిచే రకం. ఇంకొకరి ఇంట్లో అయితే ఉలిక్కిపడేవారేమో గానీ, మా ఇంటికి తలలు వేరుగా, మొండేలు వేరుగా రావడం ఏళ్ళ తరబడి ఉన్నదే. నాకేమీ అనిపించలేదు. అన్న పోయిన రోజు నుంచీ నాకేదీ అనిపించడం లేదు. సమాధుల తోటలో అందరితో కలిసి పాట పాడాను, జ్ఞాపకార్థ కూడికకు వచ్చినవాళ్ళకు టీలు అందాయో లేదో చూసుకున్నాను, చుట్టాలందరూ గట్టి మనిషని మెచ్చుకుని వెళ్ళారు. గట్టితనమూ లేదు, పాడూ లేదు, చేయి మీద పడుకుని లేస్తే మొద్దుబారినట్టు మనిషంతా మొద్దుబారింది, అంతే.

మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బొమ్మంటే కొయ్యదో మట్టిదో, కాకపోతే తిరునాళ్ళలో కొనే గులాబీరంగు ప్లాస్టిక్ పాపాయి, పొట్ట నొక్కితే కీచుమనేది. అలాంటి కాలంలో మద్రాసులో పనిచేసే మా మేనమామ ఒక క్రిస్మస్‌కు అన్న కోసం కమాండో బొమ్మ తెచ్చాడు. వాడు నడుము తిప్పేవాడు, మోకాళ్ళు మడిచి కూర్చునేవాడు, చేతిలో తుపాకి పెడితే పట్టుకునేవాడు. గూడూరులో మా వీధి వీధంతా వచ్చి చూసి పోయింది. మా నాన్న నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరేవాడు, ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఆయన ఒంటి మీద నిమ్మవాసన పోయేది కాదు, అంత గంభీరమైన మనిషి కూడా అరుగు మీద కూర్చుని ఆ బొమ్మ మోకాలు మడిచి, చాపి, మళ్ళీ మడిచి, "ఏం పనితనంరా నాయనా!" అని ముచ్చటపడ్డాడు. రెండేళ్ళకు వాడి నడుములోని రబ్బరు తెగి రెండు ముక్కలైతే, అన్న సైకిల్ షాపులో వాల్ ట్యూబు ముక్క అడిగి తెచ్చి లోపల బిగించి బతికించాడు. ఆ తర్వాత ఒకరోజు నిమ్మకాయల బండి చక్రం కింద పడి మొండెం పిండి పిండి అయిపోయింది. తల ఒక్కటే మిగిలింది. అన్న దాన్ని పౌడరు డబ్బాలో వేసి మూత పెట్టుకున్నాడు.

అన్నకు రెండో ఏట జ్వరమొచ్చి ఎడమకాలు చచ్చుబడింది. పోలియో అన్నారు. మిషన్ ఆసుపత్రిలో కొలతలు తీసి ఇనుముతో, తోలుపట్టీలతో క్యాలిపర్ చేసిచ్చారు, అది కట్టుకుంటేనే నిలబడగలిగేవాడు. నా కంటే మూడేళ్ళు పెద్దయినా బడికి పోయేముందు పట్టీలు బిగించేదాన్ని నేనే. ఆయన మంచం మీద కూర్చుంటే నేను ఎదురుగా గొంతుకూర్చుని కింది పట్టీ ముందు, మోకాలి పట్టీ తర్వాత, తొడ దగ్గరది చివర పెట్టేదాన్ని. వరస తప్పితే లోపలి వైపు ఒరుసుకుని పుండు పడుతుంది. నాకు జడ వేసుకోవడం రాకముందే ఆ పని వచ్చు.

ఏటా వేసవిలో మా చర్చిలో ఉజ్జీవ కూటాలు జరిగేవి. పెద్దలందరూ అన్నను ముందుకు పిలిచి, క్యాలిపర్ విప్పించి, ఆ కాలి మీద చేతులు పెట్టి, అది చక్కబడాలని కన్నీళ్ళతో ప్రార్థన చేసేవారు. పాపం మంచి మనసులే, ఒక్కరిలోనూ కల్లాకపటం లేదు. కాలు ఎట్లా ఉన్నది అట్లానే ఉండేది. మా అమ్మ ఇంటికొచ్చి అన్నం తినేది కాదు. ఫోటో తీయించుకుంటే అన్నను కుర్చీలో కూర్చోబెట్టి, కాలికి అడ్డంగా నన్ను నిలబెట్టేవారు, ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లోనూ నేను అట్లా అడ్డంగానే ఉంటాను. ఒకసారి కూటం నుంచి తిరిగొస్తూ అన్న నవ్వుతూనే, "అందరికీ నా కాలు బాగుపడాలనే గానీ, కాలు ఇట్టా ఉండే నేను ఎవరికీ అక్కర్లేదమ్మే" అన్నాడు. నాకప్పుడు తొమ్మిదో పదో, జేబులో ఉన్న ఈతపళ్ళు తీసి ఇచ్చాను.

పెద్దయ్యాక అన్న గూడూరు స్టేషన్ దగ్గర వాచీల షాపు పెట్టాడు, నేను అభ్రకం షెడ్డులో పనికి కుదిరాను. చిన్న కత్తితో అభ్రకాన్ని రేకులు రేకులుగా చీల్చడం, వెలుతురుకు పట్టి మచ్చ ఉన్నది ఒకవైపు, లేనిది ఒకవైపు వేయడం, అదే పని. పదహారేళ్ళు చేశాను. అట్లాంటి పని చేసిన కంటికి ఏది చూపినా ముందు మచ్చే కనబడుతుంది, పెళ్ళివారింట్లో పట్టుచీర చూపిస్తే జరీ తెగిన చోటే కనబడుతుంది, మా ఆయన ఉన్నన్నాళ్ళూ దీన్ని గురించి నన్ను ఏడిపించేవాడు. ఆయనా పోయి, షెడ్డూ మూతబడ్డాక అన్న దగ్గరికే వచ్చేశాను. అప్పటికి అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి వాచీలు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఒకాయన తన చిన్నప్పటి బొమ్మ నడుము ఊడిందని మొహమాటపడుతూ తెస్తే అన్న వాల్ ట్యూబుతో బిగించిచ్చాడు. ఆయన ఇంకొకరికి చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఎక్కడెక్కడి నుంచో పాత బొమ్మల తలలు దూదిలో చుట్టి పంపించేవాళ్ళు, వీటికి మంచి బాడీలు చూసి పెట్టమని. అందరూ తలలు నెరిసిన మగవాళ్ళే.

బాడీ ఎంచడం అన్న పని, రంగు చూడడం నా పని. బొమ్మ అరచేయి దాని మొహం మీద పెడితే గడ్డం నుంచి నుదురు దాకా సరిపోవాలి, అప్పుడే ఆ తల ఆ ఒంటికి నప్పుతుందని అన్న లెక్క. మెడలోని పిడి తల లోపలి గుంటలో వదులైతే ప్లంబర్లు వాడే తెల్లటేపు ఒక చుట్టు, బిగువైతే బ్లేడుతో ఒక గీకుడు. పాత తల ఎండకు పసుపెక్కి ఉంటుంది, కొత్త ఒళ్ళు తెల్లగా ఉంటుంది, అది షెడ్డు అలవాటు ప్రకారం ఉత్తరం తలుపు దగ్గర పది గంటల లోపు వెలుతురులో పట్టి చూసి నేను కలిపేదాన్ని. తల ఎక్కించేముందు వేడినీళ్ళలో వేస్తే మెత్తబడి సులువుగా దిగుతుంది. మా ఎండలకు కొరియర్ వ్యాన్లలో మగ్గిపోయి బాడీల కాళ్ళు వంకరపోయి వచ్చేవి. వాటినీ అంతే, వేడినీళ్ళలో ముంచితే పుట్టినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లా వాటంతటవే చక్కబడిపోయేవి, వెంటనే చన్నీళ్ళలో వేస్తే అట్లాగే నిలిచిపోతాయి. ఆ పని నాది. ఎన్ని వందల కాళ్ళు సరిచేశానో!

పోయిన వేసవిలో అన్న పౌడరు డబ్బా తీసి, మన కమాండోకి కూడా ఒళ్ళు చూడాలి అన్నాడు. ఊళ్ళో వాళ్ళందరి బొమ్మలకూ రోజుల్లో తేల్చేసే మనిషి, దీనికి మాత్రం నెలలు తీసుకున్నాడు. నన్ను పక్కకు కూడా రానివ్వలేదు, తల కోసం బాడీ కాదమ్మే, మనిషి కోసం బాడీ చూస్తుండా అన్నాడు. సరే, ముసలాయన చాదస్తం అనుకుని ఊరుకున్నాను. ఒకరోజు ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కొత్తగా వచ్చిన బాడీలు సరిచేస్తూ, కిటికీ గూట్లో ఇంకొకటి ఉంటే చూశాను. ఎడమకాలు మోకాలి దగ్గర లోపలికి వంగి, పాదం పక్కకు వాలిపోయి ఉంది. అయ్యో, మరీ ఇంత వంకరా అనుకుని, మిగతావాటితో పాటు దాన్నీ వేడినీళ్ళలో వేశాను. రెండు నిమిషాల్లో కాలు నిటారుగా వచ్చేసింది.

అన్న వచ్చాక ఎంత సంబరంగా చూపించానో తలుచుకుంటే ఇప్పుడు ఎక్కడ దాక్కోవాలో తెలియదు. "చూడన్నా, ఇది మరీ వంకరపోయి ఉండింది, సరిచేసినా" అన్నాను. ఆయన దాన్ని తీసుకుని కాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు. "సరిచేసినావా" అన్నాడు. ఆ తర్వాత మామూలుగానే నవ్వి, "నీ చేయి పడినాక నిలబడకుండా ఏం చేస్తుందిలేమ్మే" అని, నా ఎదుటే తల ఎక్కించి, కమాండోను అలమారలో నిలబెట్టాడు. ఆయన మొహంలో ఏమైనా మారిందా అని ఈ వారం రోజుల్లో వెయ్యిసార్లు గుర్తు చేసుకోబోయాను. నేను మొహం చూడలేదు, బొమ్మ కాలే చూస్తున్నాను. కొన్నాళ్ళకు అన్న షాపులో, తన కుర్చీలోనే, చేతిలో స్క్రూడ్రైవరు ఉండగానే పోయాడు.

మొన్న వచ్చిన మొండెం ఎవరి తల కోసమో తెలియక, అన్న సొరుగులన్నీ వెతికాను. పంపాల్సిన పనులేవీ మిగల్లేదు. చివరికి పౌడరు డబ్బా తీశాను. అడుగున కాగితంలో చుట్టి చిటికెన వేలంత క్యాలిపర్ ఉంది. రెండు వైపులా ఇత్తడి తీగ, మోకాలి దగ్గర చిన్న మడత, పాత వాచీ బెల్టు తోలు కోసి చేసిన మూడు పట్టీలు, ఒక్కో పట్టీకి ఆవగింజంత బకిల్. కింది పట్టీ కొంచెం వెడల్పు, తొడ దగ్గరది సన్నం, అచ్చంగా ఆయనదే.

అప్పుడు అర్థమైంది. అది కొరియర్ వ్యాన్‌లో వంగిన కాలు కాదు. అన్న కూర్చుని, కాచి, వంచి, చల్లార్చి, మళ్ళీ కాచి తన కాలిలాగా చేసుకున్న కాలు. అరవై ఏళ్ళు అందరూ చక్కబడాలని చూసిన కాలిని, ఒక్క బొమ్మలోనైనా ఉన్నదున్నట్టుగా ఉండనిద్దామనుకున్నాడు, దాన్ని కూడా నేను పట్టుకుని చక్కబరిచేశాను. ఒక్క మాట చెబితే ఏం పోయేదయ్యా నీకు? అలమారలో ఉన్నదాన్ని తీసి మళ్ళీ వంచితే నా మనసు నొచ్చుకుంటుందని, నాకు తెలియకుండా ఇంకొకటి తెప్పించుకున్నాడు, అంతే. ఇంత తెలిసినా ఏడుపు రాలేదు. లేచి స్టవ్ మీద నీళ్ళు పెట్టాను.

అన్న కాలిలాగా సన్నం చేయడానికి ట్రంకుపెట్టెలో నుంచి నా అభ్రకం కత్తి తీశాను. పిక్క మీద పొరలు పొరలుగా గీకుతూ పోయాను, వెలుతురుకు పట్టి చూడడం, మళ్ళీ గీకడం. తర్వాత వేడినీళ్ళలో ముంచి వంచి, చన్నీళ్ళలో వేసి చూద్దును కదా, గీకింది ఒక కాలు, వంచింది ఇంకో కాలు! ఎప్పుడూ ఎదురుగా కూర్చుని పట్టీలు కట్టినదాన్ని కాబట్టి, వేడినీళ్ళ కంగారులో బొమ్మ వీపు నా వైపు తిరిగి ఉన్నా చేయి అలవాటు కొద్దీ దానికి తెలిసిన వైపుకే పోయింది. అన్న ఉంటే ఎంత నవ్వేవాడో. మళ్ళీ వేడినీళ్ళలో వేస్తే ఆ కాలు చక్కబడింది, ఈసారి బొమ్మను నాకు ఎదురుగా తిప్పి పట్టుకుని ఎడమకాలు వంచాను. మోకాలు లోపలికి, పాదం పక్కకు. అలమారలోని కమాండో తల ఊడదీసి దీనికి ఎక్కించాను. బల్ల మీద నిలబెడితే పడిపోయాడు. రెండోసారీ పడిపోయాడు. క్యాలిపర్ తొడిగి, కింది పట్టీ ముందు, మోకాలిది తర్వాత, తొడ దగ్గరది చివర పెట్టాను. నిలబడ్డాడు.

నిన్న పక్కింటి అమ్మాయి పెరుగు తోడుకని వచ్చి, అలమారలో బొమ్మను చూసి, "కాలికి ఆ కమ్మీలేంది పెద్దమ్మా, రోబోనా?" అని అడిగింది. ఇద్దరు పిల్లల తల్లి ఆమె, బాగా చదువుకున్నది, అటువంటి కాలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మా చిన్నప్పుడు ప్రతి బడిలోనూ ఒకరో ఇద్దరో ఉండేవారు, వరండాలో ఇనుము చప్పుడు వినబడితే ఎవరొస్తున్నారో తలెత్తకుండానే తెలిసేది. ఇప్పుడు పిల్లలకు చుక్కల మందు వేస్తున్నారు, ఆ జబ్బే లేదు, ఎంత మంచి కాలం వచ్చింది! దేవుని దయ, మళ్ళీ ఏ తల్లీ కూటం నుంచి వచ్చి అన్నం మానేయకూడదు. చక్కబడింది లోకం. అయితే అన్న లాంటి వాళ్ళు ఎట్లా నడిచేవారో తెలిసినవాళ్ళం కూడా మేం నలుగురమే మిగిలాం, మేమూ పోతే ఆ నడక ఎవరికీ గుర్తుండదు. ఆ అమ్మాయికి అది రోబో కాదు, మా అన్న అని చెప్పాను. చెప్పాక, పెరుగు గిన్నె ఆమె చేతికి ఇస్తూ ఉండగా, మూడు నెలల తర్వాత మొదటిసారి ఏడ్చాను.