మాట నునుపు చేసే మేస్త్రీ

మా అంపోన్సెమ్ మేస్త్రీ అబద్ధాలకోరు కాదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పడం ఆయన వంశంలో లేదు, అంతే. ఆయన మేనమామ కుమాసీ పట్నం పక్క ఊళ్ళో దొర కొలువులో మాటకారి. దొరతో ఎవరూ నేరుగా మాట్లాడరు, దొరా ఎవరితోనూ నేరుగా మాట్లాడడు. అటు మాట ఇటు, ఇటు మాట అటు మాటకారే నునుపు చేసి అందిస్తాడు. కొలువులో అది మర్యాద. ఆ మర్యాదను మా మేస్త్రీ మూడంతస్తుల హాస్టలు కడుతున్న చోటికి మోసుకొచ్చాడు.

ఇంజనీరు ద్జీఫా మేడమ్‌ది సముద్రం వైపు ఊరు. మా ట్వీ భాష ఆమెకు రాదు, ఆమె ఇంగ్లీషు మావాళ్ళకు అందదు. చాలదన్నట్టు, ఏ మాటైనా మేస్త్రీ ద్వారానే రావాలని ఆవిడే గేటు దగ్గర బోర్డు పెట్టించింది. దొంగచేతికి తాళాలిచ్చినట్టయింది.

"ఈ గోడ కట్టినవాడు కళ్ళు ఇంట్లో పెట్టొచ్చాడా? పడగొట్టమను!" అని ఆవిడ అరిచేది.

మేస్త్రీ గొంతు సవరించుకునేవాడు. "మీ చేతి బలం మేడమ్‌కి తెగ నచ్చిందర్రా. ఇంకోసారి చూడాలని ముచ్చటపడుతున్నారు."

మావాళ్ళు మురిసిపోయి ఆ వంకర గోడ మీదే ఇంకో వరస పేర్చేవాళ్ళు. ఇనుప చువ్వలు వంచే నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. అంతా అర్థమయ్యేది. చాటుగా నవ్వుకునేవాణ్ణి తప్ప నోరు విప్పేవాణ్ణి కాదు. మేస్త్రీకి కోపం వస్తే మర్నాడు నన్ను పనిలోకి పిలవడు.

సెంట్రింగు పని అట్టకోరాది. ఒకరోజు అతను మేస్త్రీని పట్టుకున్నాడు. "మామా, బాల్కనీ కింద కర్రలన్నీ పుచ్చిపోయాయి. కొత్తవి రాకుండా పైన కాంక్రీటు పోస్తే మనుషులు పోతారు. ఆవిడకి గట్టిగా చెప్పు."

మేస్త్రీ మేడమ్ దగ్గరికెళ్ళి వంగి నిలబడ్డాడు. "అట్టకోరా మిమ్మల్ని నిండు నూరేళ్ళు బతకమంటున్నాడు మేడమ్. తీరికుంటే ఓ నాలుగు కర్రలు చూడమన్నాడు."

"ఇప్పుడు తీరిక లేదు. వచ్చేవారం చూద్దాం," అందావిడ ఫోను లోంచి తలెత్తకుండా.

"నీ పనితనం మీద మేడమ్‌కి కొండంత నమ్మకంరా. కానివ్వమన్నారు," అన్నాడు మేస్త్రీ తిరిగొచ్చి.

మర్నాడు పోత మొదలైన గంటకే బాల్కనీ కూలింది. అట్టకోరా కుడికాలు విరిగింది. ఆ రోజు నుంచి నాకు నవ్వు రాలేదు.

"పుచ్చు కర్రల సంగతి ముందే చెప్పడానికి వాడికి నోరు లేదా? పనిలోంచి తీసేశానని చెప్పు," అంది మేడమ్.

ఆసుపత్రికి మేస్త్రీతో నేనూ వెళ్ళాను. ఆయన మంచం పక్కన కూర్చుని చావుకబురు చల్లగా చెప్పాడు. "మేడమ్‌కి నీ గురించే బెంగ. గేటు వైపు రావద్దు, హాయిగా పడుకోమన్నారు."

"నా మీద అంత దయా మామా!" అని అట్టకోరా కళ్ళు తుడుచుకున్నాడు. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. సిగ్గులేనివాణ్ణి.

రెండు నెలలకు అట్టకోరా కర్ర పోటు వేసుకుంటూ పనికొచ్చాడు. అతని సుత్తి ఇంకెవడో వాడుతున్నాడు.

"ఇతన్ని ఎప్పుడో తీసేశాను కదా, ఎందుకొచ్చాడు?" అంది మేడమ్.

"నీ నడక చూసి మేడమ్ సంబరపడుతున్నారురా," అన్నాడు మేస్త్రీ.

అట్టకోరా ఆవిడ మొహం చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "తమ్ముడూ, ఆవిడేమందో నువ్వు చెప్పు."

"నిన్ను తీసేసిందన్నా. కాలు విరిగిన రోజే."

అతను ఇసక కుప్ప మీద కూలబడ్డాడు. "సున్యానీలో మా బావ పని చూసి పెట్టాడు. కూర్చుని చేసే పని. మా మేడమ్ నా కోసం చూస్తుంటుంది, నేను రానని చెప్పేశాను. అక్కడ వేరేవాణ్ణి పెట్టేసుకున్నారు."

మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఛీ! అంత మొరటుగానా చెప్పేది? మనిషన్నాక మాట్లాడే పద్ధతి ఉండొద్దూ?"