బాలనర్సయ్య జీతం ఏ కారు ఖర్చు?

కొండాపూర్‌లో శ్రీనివాసులు ఇంటికి ఎవరు వచ్చినా కాఫీ కంటే ముందు కారు కథ వినాల్సిందే. "కరెంటు కారప్పా. కోటీ ఇరవై లచ్చలు. అయితేనేం? కిలోమీటరుకు రెండు రూపాయలు! పెట్రోలు బండయితే పన్నెండు. నేను ఖర్చు పెడతాండానని అందరూ అంటారు, నేను మిగిలిస్తాండా" అనేవాడు, ప్రొద్దుటూరు యాస ఎక్కడా పోనీయకుండా. వచ్చినవాళ్లు తల ఊపేవారు. వాకిట్లో ఆ కారు తుడుస్తున్న డ్రైవరు బాలనర్సయ్య ఆ మాట మూడేళ్లుగా వింటున్నాడు. వినీ వినీ నవ్వు ఆపుకోవడం నేర్చుకున్నాడు.

నవ్వడానికి అతనికి హక్కుంది. యాభై రెండేళ్ల బాలనర్సయ్యకు బండ్లతో ముప్ఫై ఏళ్ల సావాసం. మెదక్ దగ్గరి పల్లె నుంచి వచ్చి మొదట ఇసుక లారీ తోలాడు. మాదాపూర్‌లో బండరాళ్లు పగలగొట్టి గాజు మేడలు లేపుతున్న రోజుల్లో ఆ మేడలకు ఇసుక మోసిన వాళ్లలో అతనొకడు. మేడలు లేచాక, వాటిలో పనిచేసేవాళ్లను ఇళ్లకు చేర్చే క్యాబు తోలాడు. తొమ్మిదేళ్ల కింద శ్రీనివాసులు దగ్గర కుదిరాడు. శ్రీనివాసులుది ప్లాట్ల వ్యాపారం. పొద్దున ఎనిమిదికి బండి తీస్తే రాత్రి తొమ్మిదికి గానీ తాళం చేతినుంచి దిగదు. సార్ మీటింగులకు వెళ్లిన మేడల కింద రెండంతస్తుల లోతు సెల్లార్లుంటాయి. అక్కడ కారుకు ఛార్జింగు పాయింటు ఉంటుంది, డ్రైవరుకు కుర్చీ ఉండదు. కారు గంటసేపు కరెంటు తాగుతుంటే మనిషి మంచినీళ్ల కోసం రోడ్డు మీదికి ఎక్కి రావాలి. ఈ సంగతి ఆ మేడలు కట్టినవాళ్లకు తెలియక కాదు.

కరెంటు కారు కొన్న రోజు షోరూంవాళ్లు శ్రీనివాసులుకు గంటన్నర పాఠం చెప్పారు. తోలేవాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. కాలు తీస్తేనే బండి ఎలా నెమ్మదిస్తుందో, ఏసీ ఎంత పెడితే ఎన్ని కిలోమీటర్లు తగ్గుతాయో బాలనర్సయ్య తనంతట తాను వారంలో పట్టేశాడు. ఇంకో సంగతి కూడా పట్టాడు. ఆ బండి బరువు బండి, టైర్లను నమిలేస్తుంది. ఇన్సూరెన్స్ ఏడాదికి రెండు లక్షల అరవై వేలు. వెనక బంపరు కొంచెం గీసుకుంటే అందులో ఉన్న సెన్సార్లకు ఎనభై వేలు పోశారు. కిలోమీటరుకు రెండు రూపాయలన్నది అబద్ధం కాదు. కానీ అది ఇంటి ఖర్చెంతని అడిగితే ఉప్పు ధర చెప్పినట్టు.

ఈ ఏడాది ప్లాట్లు కదలడం లేదు. శ్రీనివాసులు కొడుకు హేమంత్ ఐటీ కంపెనీలో పనిచేస్తాడు. పెద్దకారు అమ్మేసి పదిహేను లక్షల చిన్న కరెంటు కారు కొనమని తండ్రితో నెల రోజులుగా పోట్లాడుతున్నాడు. ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"నర్సయ్యన్నా, పెద్దకారు టైర్లకు ఎంతయింది?"

"ఒక్కోటి ముప్పై ఎనిమిది వేలు బాబు. నాలుగు గలిపి లక్షా యాభై రెండు."

"చిన్నకారుకైతే?"

"ఎనిమిది వేలల్ల ఒకటొస్తది. మా పక్కింటాయన గూడ డ్రైవరే, ఆళ్ల సార్ బండికి మొన్ననే ఏయించిండు."

హేమంత్ అంకెలు కొట్టుకుంటుంటే బాలనర్సయ్య వంగి చూశాడు. రెండు వరసలు. ఎడమవైపు పెద్దకారు, కుడివైపు చిన్నకారు. ఛార్జింగు, ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసు. అన్నిటి కింద 'డ్రైవర్' అని ఉంది. ఇంగ్లీషు అక్షరాలు రోడ్ల మీద బోర్డులు చదివి చదివి వచ్చినవే, ఆ మాట అతనికి కొత్త కాదు. పెద్దకారు గడిలో ఇరవై రెండు వేలు. చిన్నకారు గడిలో సున్న.

"గీ సున్నేంది బాబు?"

హేమంత్ తల ఎత్తలేదు. "అదా... చిన్నకారు నాన్నే నడుపుకుంటాడు కదన్నా. అందుకని."

తొమ్మిదేళ్లుగా తాను చేస్తున్నది ఉద్యోగమనుకున్నాడు బాలనర్సయ్య. కాదట. టైర్ల లాగా, బంపరు లాగా, ఆ కారుతో వచ్చిన సామానట. కారు పోతే తనూ పోవాలి.

చందానగర్‌లో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. భార్య సాయమ్మ ఒక ఐటీ మేడలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. సంగతంతా విని ఆమె ఆలోచించలేదు.

"సార్ నిన్నే అడుగుతడు గదా ఏ బండి మంచిదని? పెద్దకారే మంచిదను. నోరు మూసుకొని గంత మాట అనరాదా?"

"మూసుకొని ఎట్ల అంటనే?"

"పరాచికాలాడకు. యాభై రెండేండ్లకు నీకు కొత్త కొలువెవడిస్తడు? కిరాయి నేనొక్కదాన్నే కడ్తనా?"

"పెద్దకారు మంచిదని ఇయ్యాల అబద్ధం జెప్తే, ఇంకో ఆర్నెల్లు ఉంట. తర్వాత? కారు పాతదయినప్పుడల్లా నేను భయపడాల్నా? బండిని అమ్మితే దాంతోని నన్ను గూడ అమ్ముతరా సాయమ్మా?"

"అయితే ఏమంటవ్?"

"ఉన్నదే అంట. కానీ మొత్తం అంట. ఆ పిలగాడు సగమే లెక్క ఏసిండు."

సాయమ్మ మూతి తిప్పింది. "ఏమన్న అను. కొలువు మాత్రం ఇంటికి తీస్కరా" అంది.

కనీసం ధరన్నా కనుక్కుందామని హేమంత్ పట్టుబట్టడంతో బుధవారం మూసాపేటలో పాత కార్ల షాపుకు బయల్దేరారు. ముందు సీట్లో హేమంత్, వెనక శ్రీనివాసులు. బండి కదిలింది మొదలు శ్రీనివాసులు ఫోను మోగుతూనే ఉంది. కొల్లూరులో వెస్ట్ ఫేసింగు ప్లాటు ఒకాయన అడుగుతున్నాడు, గజానికి వెయ్యి తగ్గించమంటున్నాడు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో బండి అంగుళం అంగుళం జరుగుతుంటే, శ్రీనివాసులు వెనక సీట్లో కాళ్లు చాపుకుని ఆయన్ని బతిమాలి, బెదిరించి, కడప పెండ్లిండ్ల బంధుత్వం కలిపి, మూసాపేట మెట్రో స్టేషను వచ్చేసరికి అడ్వాన్సుకు ఒప్పించేశాడు. ఫోను పెట్టేసి తొడ చరుచుకున్నాడు. బాలనర్సయ్య అద్దంలో చూశాడు.

షాపు యజమాని దినేశ్ కారు చుట్టూ తిరిగాడు. వంగాడు, లేచాడు, మీటరు చూశాడు. నలభై వేల కిలోమీటర్లు.

"యాభై ఎనిమిది లచ్చలు సార్."

శ్రీనివాసులుకు వినిపించనట్టుంది. "ఎంత?"

"యాభై ఎనిమిది. గది గూడ మీరు కాబట్టి. కొత్త మోడల్ ధర తగ్గింది, ఒక్క ఛార్జింగుకు వంద కిలోమీటర్లు ఎక్కువ పోతది. పాతది ఎవరడుగుతరు సార్? జర ఆలోచించున్రి, ఫికర్ లేదు."

షాపు సోఫాలో శ్రీనివాసులు అలాగే కూలబడ్డాడు. హేమంత్ లాప్‌టాప్ తెరిచాడు. "నేను చెప్తూనే ఉన్నా కదా నాన్నా, ఇది..."

"నువ్వు ఊరుకోరా." శ్రీనివాసులు డ్రైవరు వైపు తిరిగాడు. గొంతులో ఆశ ఉంది. తొమ్మిదేళ్ల మనిషి, తన పక్షాన ఒక మాట అనకపోతాడా. "నువ్వు చెప్పప్పా నరసయ్యా. తోలినోడివి. ఈ కారు నాకు లాభమా, నష్టమా? కిలోమీటరుకు రెండు రూపాయలే కదా?"

సాయమ్మ చెప్పమన్న మాట అనడానికి ఇదే అదను. బాలనర్సయ్య తాళాలగుత్తి బల్ల మీద పెట్టాడు.

"నష్టం సార్. రెండు రూపాయలు కరెంటుకు. కోటీ ఇరవైల యాభై ఎనిమిది తీస్తే అరవై రెండు లచ్చలు పోయినయి. నలభై వేల కిలోమీటర్లకు పంచున్రి. కిలోమీటరుకు నూట యాభై అయిదు. ఇన్సూరెన్స్ ఇంకో ఇరవై. టైర్లు నాలుగు. అన్ని గలిపితే నూట ఎనభై దాటింది. నేను తోల్తుంటే రోడ్డు మీద పడ్డది మీ పైసలే, మీకు కనబడలే."

హేమంత్ గబగబా కొట్టి చూశాడు. తన పట్టికలో కారు విలువ పడిపోవడం అన్న గడే లేదు. చేతి నుంచి డబ్బు పోలేదు కనుక దాన్ని ఖర్చనుకోలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి చిన్నకారో?" అన్నాడు శ్రీనివాసులు నీరసంగా.

"మా పక్కింటి డ్రైవరు ఆళ్ల సార్ పదిహేనుకు కొన్నడు. మూడేండ్లు, నలభై వేలే తిరిగిండు. తొమ్మిదికి అడుగుతున్నరు. ఆరు లచ్చలు పోయినయి, కిలోమీటరుకు పదిహేను. ఇన్సూరెన్స్, టైర్లు, కరెంటు అంత గలిపి ఇరవై. చిన్నకారే కొనున్రి సార్."

"ఇప్పుడన్నా విన్నావా నాన్నా?" అన్నాడు హేమంత్.

"ఆగు బాబు, నాది ఒకటి మిగిలింది" అన్నాడు బాలనర్సయ్య. "నన్ను పెద్దకారు ఖర్చుల ఏసినవ్. చిన్నకారుకు సున్న పెట్టినవ్. మూడేండ్ల నా జీతం గూడ కిలోమీటర్లకు పంచు. ఇరవై వస్తది. చిన్నకారుల నన్ను పెట్టుకొని తిరిగినా నలభై. పెద్దకారుల నన్ను తీసేసి తిరిగినా నూట ఎనభై. తీసెయ్యాల్సింది నన్నా, కారునా?"

దినేశ్ నోట్లో ఉన్న చాయ్ మింగడం మరిచిపోయాడు.

"అట్లయితే రెండు వరసల్లోనూ వేస్తాలే అన్నా" అని హేమంత్ గడిలో సున్న కొట్టేయబోయాడు.

"ఏ వరసల వద్దు. నేను కారు ఖర్చు కాదు. ఇందాక సార్ కొల్లూరు ప్లాటు ఏడ అమ్మిండు? ఆఫీసులనా? వెనక సీట్ల అమ్మిండు. స్టీరింగు సార్ చేతుల ఉంటే ఆ ఫోను ఎవరెత్తుతుండె? పోయిన నెల మీరు ఒక్కరే బండి తీసుకొని శంకర్‌పల్లి పోయిండ్రు సార్. ఎన్ని ఫోన్లు పోయినయి?"

"ఏడు" అన్నాడు శ్రీనివాసులు మెల్లగా. "వానిలో ఒకడు వేరే వెంచర్లో కొనేసినాడు."

"గదే. నా జీతం మీ వ్యాపారం ఖర్చు. ఆఫీసుల క్లర్కు జీతం ఏడ రాస్తరో నాది గాడ రాయున్రి."

పాత కార్ల షాపులో ఒక డ్రైవరు తన యజమాని లెక్కలు సరిదిద్దడం చాలామందికి పొగరుగా కనిపిస్తుంది. కానీ ఈ ఊళ్లో ఇళ్లకు బండ్లు తోలేవాళ్లలో ఎంతమందికి చేతిలో కాయితముంది? వారానికి ఒక సెలవుంది? కారుకు ఆరు నెలలకొకసారి సర్వీసు బుక్ చేసేవాళ్లు మనిషి సంగతి ఏ పుస్తకంలోనూ రాసుకోరు. అడగనంత కాలం మంచోడు, అడిగిన రోజు మాటకారి. బాలనర్సయ్య ఆ రోజు మాటకారి కావడానికే వచ్చాడు.

"మూడేండ్ల సంది ఇరవై రెండే ఇస్తున్నరు సార్. ఈ కారు వచ్చినప్పుడు ఖర్చయింది, వచ్చే ఏడు చూస్త అన్నరు. ఇప్పుడు కారు పోతున్నది. ఇరవై ఏడు ఇయ్యున్రి. వారానికొక దినం సెలవు. కాయితం మీద."

శ్రీనివాసులు నవ్వాడు. ముప్ఫై ఏళ్లుగా భూమి బేరాలు చేసినవాడికి బేరం వినబడగానే ప్రాణం లేచొచ్చింది. "ఇరవై అయిదప్పా."

"ఇరవై ఏడు సార్."

"ఇరవై ఆరు. ఇంక మాట్లాడొద్దు. సెలవు మాత్రం కుదరదు. ఆదివారమే కదప్పా జనం ప్లాట్లు చూసేకి వచ్చేది!"

"ఇరవై ఆరుకు నేనొప్పుకున్న, సెలవు మీరొప్పుకోవాలె. ఆదివారం నాకొద్దు. మంగళవారం ఇయ్యున్రి. మంగళవారం మీ దగ్గర ఎవలు రిజిస్ట్రేషన్ పెట్టుకోరు, అడ్వాన్స్ గూడ ఇయ్యరు. తొమ్మిదేండ్లల్ల ఒక్కటన్న జూసిండ్రా?"

శ్రీనివాసులు ఆలోచించాడు. నిజమే, చూడలేదు. మంగళవారం తాను చేసేది బజారుకు పోయిరావడం, లేదంటే ఊరికే కొల్లూరు దాకా తిరిగి రావడం. "నీకు ప్లాట్ల వ్యాపారం కూడా వచ్చినట్టుందే" అని గొణిగి, "రాయరా హేమంతూ" అన్నాడు.

హేమంత్ షాపులోనే ఒక తెల్లకాయితం అడిగి తీసుకుని తెలుగులో రాశాడు. జీతం, మంగళవారం, పని గంటలు. రాత్రి ఎనిమిది దాటితే గంటకు ఇంత అని బాలనర్సయ్య పక్కనుంచి ఇంకో వాక్యం చేర్పించాడు. తండ్రి సంతకం పెట్టాడు. సాక్షిగా దినేశ్ పెట్టాడు.

తరువాతి నెల మొదటి మంగళవారం. ఉదయం ఎనిమిదిన్నరకు చందానగర్ ఇంట్లో బాలనర్సయ్య లుంగీలోనే కూర్చుని సాయమ్మ టిఫిను డబ్బాకు మూత బిగిస్తున్నాడు. ఫోను మోగింది.

"నరసయ్యా, ఈ కొత్త కారు ఛార్జింగు గన్ను ఊడొచ్చేది ల్యా! పావుగంట నుంచి పీకుతాండా. ఒక్క అడుగు వచ్చిపోప్పా, పది నిమిషాల పని."

సాయమ్మ చేతిలో చాయ్ గ్లాసు అక్కడే ఆగింది. మేకుకు తగిలించిన అతని చొక్కా వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది.

"పీకకున్రి సార్, ఇరుగుతది" అన్నాడు బాలనర్సయ్య. "కారు లాక్ తీయున్రి ముందు. తీసిండ్రా? ఇప్పుడు గన్ను మీది బొత్తాం ఒత్తి నిదానంగ గుంజున్రి."

అవతల ఏదో చప్పుడయింది. "వచ్చింది! వచ్చిందప్పా. అయినా ఒక మాటు నువ్వు..."

"రేపు వస్త సార్. ఎనిమిదింటికి."

ఫోను పక్కన పెట్టి, డబ్బా సంచిలో పెట్టి, చొక్కా తొడుక్కున్నాడు.

"ఏందయ్యా, పోనన్నవ్ గదా?" అంది సాయమ్మ.

"సార్ కాడికి కాదే. నీ బస్ స్టాపు దాంక. నడు, ఆలస్యమైతే మీ సూపర్‌వైజర్ ఒర్లుతడు" అని సంచి భుజానికేసుకున్నాడు.