ఆస్ట్రేలియా గొర్రె ఇచ్చిన తీర్పు

ఇప్పుడు ఫోను మీద వేలు పెడితే ఏ దేశం సినిమా అయినా కింద తెలుగు అక్షరాలు తగిలించుకుని మరీ వస్తోంది. తొంభైలలో మేం దోహాలో ఉన్న రోజుల్లో ఆ కింది అక్షరాలు నేనే. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ ఒకేసారి ఒకరి మీద ఒకరికి విసుగు పుట్టి బడి మానేసిన నేను ఇంగ్లీషు సినిమాలకు తెలుగు చెప్పేవాణ్ణి. (నవ్వకండి. లెఫ్టు, రైటు, స్టాపు, సారీ సార్. ఈ నాలుగు ముక్కలతో ఊరంతా కారు నడిపినవాణ్ణి, ఒక సినిమా నడపలేనా?)

అప్పటికింకా సగం ఇసుకగానే ఉన్న అల్ తుమామాలో ఒక ఖతరీ యజమాని ఇంటికి నేను డ్రైవర్ని. ఆ ఇంట్లో వంట చేసేది రాజోలు వైపు మనిషి, అందరికీ గోదారి బావ. పక్కింటి డ్రైవరు కరీంనగర్ అన్న. శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురం మా గదిలో వీసీఆర్ ముందు చేరేవాళ్ళం. అల్ మన్సూరా క్యాసెట్ల కొట్టులో తెలుగు సినిమాలు గురువారానికే ఎగిరిపోయేవి. మిగిలేవి, దేశం వదిలిపోతూ ఎవరో తెల్లాయన అట్టపెట్టెతో సహా పడేసిపోయిన ఆస్ట్రేలియా సినిమాలు. అన్నీ ఒకే తీరు. పాతకాలపు ఓడలోంచి తెల్లవాళ్ళు దిగుతారు, జెండా పాతుతారు, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళను తరిమేస్తారు, ఆ తర్వాత కనుచూపు మేర ఎర్రమన్ను, ముళ్ళకంపలు, గొర్రెలు. మొదటిసారి చూసి బిత్తరపోయాను. ఇది మా అనంతపురమే! టోపీలు ఎక్కువ, అంతే.

మాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు కాబట్టి జంకు లేకుండా చెప్పేవాణ్ణి. గడ్డం కెప్టెన్ను హీరోయిన్‌కు మేనమామను చేశాను. జెండా పాతినవాడికీ గొర్రెలు కాచే కుర్రాడికీ గట్టు తగాదా పెట్టాను. ఇద్దరు ముసలి తెల్లవాళ్ళు టీ తాగుతూ ఆకాశం కేసి చూసి (బహుశా వాన గురించే) మాట్లాడుకుంటుంటే, "ఆస్తి పంపకాలు జరుగుతాండాయి, బాగా గమనించండి" అనేవాణ్ణి. కరీంనగర్ అన్న పళ్ళు నూరేవాడు. "గీ టోపీగాడు అచ్చం మా ఊరి దొర లెక్కనే ఉన్నడు గదరా! మంది భూమిల జెండా పాతుడేంది? ఆ పోరడు ఊకుంటడా?" "ఊకోడన్నా, కొంచెం ఓపిక పట్టు" అని ఆ పోరడి తరఫున నేను భరోసా ఇచ్చేవాణ్ణి. ఈ సేవకు నాకు దక్కింది చిన్న పదవి కాదు. శుక్రవారం ఉల్లిపాయలు కోసే పని లేదు, అంట్లు తోమే పని లేదు, ఏసీకి ఎదురుగా ఉన్న మంచం నాది.

ఒక శుక్రవారం సినిమాలో ఒకతను గొర్రెను వెనక్కి తిప్పి, పిర్రల మీద మనిషిలా కూర్చోబెట్టి, మోకాళ్ళ మధ్య ఒదిగించుకుని బొచ్చు కత్తిరిస్తున్నాడు. అదేమో మంగలి కుర్చీలో పెళ్ళికొడుకులా కళ్ళు అరమూసుకుంది. నాలోని ఏడు తరాల గొర్రెలకాపరి లేచి నిలబడ్డాడు. (ఆ గొర్రెల నుంచి తప్పించుకోవడానికే సముద్రం దాటానన్నది వేరే సంగతి.)

"వట్టి అబద్ధం! గొర్రె అట్ల కూచుంటాదా యాడైనా? నాలుగు కాళ్ళూ కట్టి పండబెట్టి కత్తిరించల్ల!"

గోదారి బావ నావైపు తిరిగాడు. "అదేంట్రా? ఓడ నిజం, జెండా నిజం, మేనమామ నిజం, గొర్రె ఒక్కటే అబద్ధమా?"

"బావా, మిగతాది నాకు తెలీకపోవచ్చు. గొర్రె తెలుసు."

అన్నాక గానీ తెలియలేదు ఏమన్నానో. కరీంనగర్ అన్న లేచి కూర్చున్నాడు. "తెల్వకపోవచ్చా? మరి గిన్ని దినాలు మాకు చెప్పిందేందిరా?"

ఇక పందెం తప్పలేదు. మర్నాటి విందు కోసం నేనే అబూ హమూర్ సంత నుంచి తెచ్చిన గొర్రె పెరట్లో ఉంది. ఆస్ట్రేలియా నుంచి ఓడలో వచ్చిన సరుకు. దాని బొచ్చు నా పద్ధతిలో తీస్తే నా పదవి నాది. ఓడితే మంచం బావది, ఉల్లిపాయలు నావి.

మా తాత నేర్పిన ముడి వేయబోయాను. రెండు కాళ్ళు కట్టేలోపు మిగతా రెండూ నా పొట్టలో ఉన్నాయి. మూడోసారి అది తాడుతో పాటు నన్నూ ఇసుకలో ఈడ్చుకుపోయింది. లుంగీ నాతో రాలేదు. అప్పుడు గిన్నెలో తప్ప గొర్రెను ముట్టని బావ వంటింటి కత్తెర పట్టుకొచ్చి, సినిమాలో చూసినట్టే దాన్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టాడు. కూర్చుంది! సోఫాలో మామగారిలా కూర్చుంది.

"చూశావా," అన్నాడు బావ కత్తెర ఆడిస్తూ, "సినిమా దీనికర్థమైంది, నీకే కాలేదు."

సగం బొచ్చు రాలేసరికి వంటింటి గుమ్మంలో యజమాని తల్లి. పెద్దావిడ ముందు యజమానే గొంతెత్తడు. "షినూ హాదా?" ఇదేమిటని అడిగింది. ఒకడి చేతిలో కత్తెర, ఒకడి చేతిలో నా లుంగీ, నేను తాడు కట్టుకుని, మధ్యలో గొర్రె కూర్చుని. పాస్‌పోర్టు చేతికిచ్చి ఊరికి పంపేస్తారనుకున్నాను. ఆవిడ గొర్రెను చూసింది, గొర్రె ఆవిడను చూసింది. అంతే, నవ్వీ నవ్వీ గడప మీదే కూలబడింది. "యల్లా, ఖల్లిస్!" సగంలో వదలొద్దు, పూర్తి చెయ్యమంది. మనవలు వచ్చి దానికి పేరు కూడా పెట్టేశాక ఇక కోయడమెలా? విందుకు ఇంకో గొర్రె కోసం మళ్ళీ నేనే వెళ్ళాను. (ఈసారి బొచ్చు తక్కువున్నది చూసి తెచ్చాను.)

మరుసటి శుక్రవారం గుమ్మం దగ్గర ఉల్లిపాయలు కోస్తున్నాను. లోపల సినిమా నడుస్తోంది, చెప్పేవాడు లేడు. కాసేపటికి బావ గురక, ఆపైన అన్న కేక.

"అరేయ్, గా ఉల్లిగడ్డలు ఆడ పెట్టి ఇటు రా. గా టోపీగాడు ఏమంటుండు?"

"నాకు తెలీదన్నా."

"నీకు తెల్వదని మాకెరుకే. చెప్పు."

బావ ఒక కన్ను తెరిచాడు, నా మంచం మీదినుంచే. "చెప్పు గానీ, గొర్రెలొస్తే మాత్రం నోరు మూసుకో."

మొన్న మా అమ్మాయి ఫోనులో ఆ పాత సినిమాల్లో ఒకదాన్ని వెతికి, తెలుగు అక్షరాలతో పెట్టింది. గడ్డం కెప్టెన్ మేనమామ కాదట, డాక్టరట. ఆ ముసలివాళ్ళు నిజంగా వాన గురించే మాట్లాడుకున్నారు. పాతికేళ్ళు నేను కాపాడుకొచ్చిన ఆస్తి పంపకాలు ఒక్క వాక్యంలో కొట్టుకుపోయాయి. "ఆ అక్షరాలు తీసెయ్ తల్లీ, నేను చెప్తా" అని మొదలుపెట్టాను. గట్టు తగాదా దాకా బాగానే వచ్చింది, అమ్మాయి పడీపడీ నవ్వింది. అంతలో ఎర్రమన్ను మీద గొర్రెలు కనబడ్డాయి.

"ఆగావేం నాన్నా?" అంది.

పక్కన బావ లేడు. అయినా నోరు మూసుకునే కూర్చున్నాను.