సైరన్ మోగాక కోసిన గడ్డి

నవ్వితే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. భూపాలపల్లిలో సగం మంది ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, మీరు కొత్తగా చేరితే నాకు పోయేదేముంది? కానీ ముందే చెబుతున్నాను, ఆ రోజు తలచుకుంటే నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా మీద మంట, ఆ సారయ్య మీద మంట, మా బాపు మీద మంట, చివరికి గడ్డి మీద కూడా మంట. పచ్చగా పెరిగిన గడ్డి ఎక్కడైనా కనిపిస్తే ఒక్క తన్ను తన్నందే ముందుకు కదలను. మా ఆవిడ దీనికి మందు లేదా అని డాక్టర్ను కూడా అడిగింది. ఒక్క పూటలో ఇంటి ఇజ్జత్, బాపు మోకాలు రెండూ తీసినవాణ్ణి నేను. అదెట్లా జరిగిందో వినండి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బొగ్గు బాయిల్లో సమ్మె. మా బాపు కొమురయ్య బాయిలో కోల్ కట్టర్. మా క్వార్టర్ల దగ్గర వేసిన సమ్మె టెంటుకు ఆయనే పెద్ద దిక్కు. మాట కరుకు, మనిషి ఇంకా కరుకు. టెంటులో ఆయన ఒక రూలు పెట్టాడు. సమ్మె నడుస్తుండగా ఎవడు పని ముట్టుకున్నా నలుగురి ముందు చెవులు పట్టుకుని గుంజీలు తియ్యాలి. ఎవడైనా సరే, తియ్యాల్సిందే.

ఆ రూలుకు మొదట దొరికినవాడు హాజరీ క్లర్కు సారయ్య. దొడ్డిదారిన ఆఫీసుకు పోయి, రిజిస్టర్లో సంతకం పెట్టి, పిల్లిలా వస్తూ దొరికిపోయాడు.

"కొమురన్నా, ఒక్క సంతకమే గదనే! గది గూడ పనేనా?" అన్నాడు సారయ్య ఏడుపు మొహంతో.

"సంతకం వెట్టుడే గదరా నీ నౌకరీ! తియ్యి ఇర్వై అయిదు!" అన్నాడు బాపు.

తీశాడు పాపం. బట్టతల మీంచి చెమట కారుతుంటే ఆయాసపడుతూ ఇరవై అయిదూ తీశాడు. అప్పుడు అందరికంటే గట్టిగా నవ్విన మూర్ఖుణ్ణి నేనే. చప్పట్లు కూడా కొట్టాను. సారయ్య చెవులు పట్టుకునే నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

ఇక నా సంగతి. డిగ్రీ మూడుసార్లు రాసి, మూడుసార్లూ తప్పి, కంపెనీ గెస్ట్ హౌజ్‌లో కాంట్రాక్టు మీద తోటపనికి కుదిరాను. గెస్ట్ హౌజ్ ముందు ఒక లాన్ ఉండేది. మా క్వార్టర్లకు నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, ఆ గడ్డికి మాత్రం రెండు పూటలా పెట్టాలి. పెద్ద సార్లు పొద్దున్నే దాని మీద చెప్పుల్లేకుండా నడిస్తే వాళ్ళ బీపీ తగ్గుతుందట. దాన్ని కోసీ కోసీ నాకు బీపీ వచ్చింది, దాన్ని అడిగినవాడు లేడు. కోసే మిషన్ పెట్రోలుది. తాడు గుంజితే, దానికి బుద్ధి పుట్టినప్పుడు స్టార్టయ్యేది. స్టార్టయ్యాక దాని మోతకు పళ్ళు కదిలేవి. అందుకని చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని, సెల్లులో పాటలు పెట్టుకుని కోసేవాణ్ణి. మెమరీ కార్డు నిండా ఉద్యమం పాటలే. డప్పు మోగుతుంటే మిషన్ మోత ఎటు పోయేదో తెలిసేది కాదు.

అప్పటిదాకా పర్మినెంటు వాళ్ళే సమ్మెలో ఉన్నారు. కాంట్రాక్టు వాళ్ళం కూడా దిగాలని టెంటులో తీర్మానం చేశారు. అందరూ ఊరికే ఇంట్లో పడుకుంటే చూసేదెవరు? అందుకని బాపు ఒక ఉపాయం చెప్పాడు. కాంట్రాక్టు వాళ్ళంతా మామూలుగా పనికి పోవాలి. సరిగ్గా పది గంటలకు సైరన్ మోగుతుంది. మోగగానే ఎక్కడి పని అక్కడ పడేసి, అందరూ ఒక్కసారి బయటికి నడవాలి. ఉపాయం మంచిదే. కానీ ఆయన అక్కడితో ఆగితే కదా! మైకు పట్టుకుని ఊరందరి ముందు ఏమన్నాడో తెలుసా?

"గెస్ట్ హౌజ్ గేట్ల నుంచి అందరికన్న ముందుగాల బయటికొచ్చేటోడు నా కొడుకు మొగిలి! ఆని మెడల దండ నేనే ఏస్త. రాకపోతే నన్నడుగుండ్రి!"

ఎవరడిగారు బాపు నిన్ను ఆ మాట? ఎవరైనా అడిగారా? సమ్మెలో ఉన్నవాడు సమ్మె సంగతి మాట్లాడాలి గానీ, మూడుసార్లు డిగ్రీ తప్పినవాడి మీద పందెం కాస్తాడా ఎవడైనా?

ఆ రోజు పొద్దున నేను బయల్దేరుతుంటే గడప దగ్గర ఆపాడు.

"పదింటికి సైరన్ కొడ్తరు. కొట్టంగనే మిషన్ బంద్ చేసి ఉరుకాలె. యాదికుంటదా?"

"ఉంటది బాపు."

"ఏం యాదికుంటది?"

"సైరన్ కొట్టంగనే ఉరుకుడు."

"జర చెవులు వెట్టి ఇను. నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యకు."

"ఏందే బాపు! గా సైరన్ పాలకుర్తిల మేనత్తకు గూడ ఇనపడ్తది. నాకినపడదా?" అని నవ్వాను. ఆ నవ్విన మూతి మీద నేనే ఒకటి కొట్టుకోవాలని ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది.

తొమ్మిదింటికి మిషన్ స్టార్ట్ చేశాను. చెవుల్లో వైర్లు పెట్టాను. పెట్టేముందు ఆలోచించలేదనుకోకండి, ఆలోచించే పెట్టాను. బాయిలోకి దిగినవాళ్ళకు కూడా వినపడే సైరన్ అది, ఈ రెండు గింజలంత బుడిపెలు దాన్నేం ఆపుతాయి అనుకున్నాను. తెలివి అంటే నాది. పైగా దండ వేసే టైముకు హుషారుగా ఉండాలని సౌండు పైదాకా పెంచాను.

కోస్తున్నాను. కొంతసేపటికి వంటమనిషి ఓదెలు వంటింట్లోంచి ఉరుక్కుంటూ వచ్చాడు. నా వైపు చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. గేటు దాటి పోయాడు. కొత్తిమీరకు పోతున్నాడు కాబోలు అనుకున్నాను. తర్వాత గెస్ట్ హౌజ్ ఇన్‌చార్జి వరండాలోకి వచ్చి, రెండు చేతులూ ఆడించి గేటు వైపు చూపించాడు. ఆ పక్క గడ్డి పెరిగిందంటున్నాడని, సరేనని తలూపి, గేటు పక్కంతా శుభ్రంగా కోశాను. ఆయన తల పట్టుకుని, గేటుకు తాళం వేసుకుని, మేడ మీదికి ఉరికాడు. పెద్ద ఉద్యోగాల వాళ్ళకు ఎన్ని టెన్షన్లో అని జాలిపడ్డాను కూడా.

అప్పుడొచ్చింది ఊరేగింపు. మొహాల నిండా గులాల్ రంగు, చేతుల్లో జెండాలు, అందరికంటే ముందు మా బాపు. గేటు ఊచలు పట్టుకుని పిడికిళ్ళు ఎత్తి అరుస్తున్నారు. సైరన్ కాకముందే వచ్చేశారే, ఎంత ప్రేమ నా మీద అని నాకు గుండె ఉప్పొంగింది. నేనూ పిడికిలి ఎత్తి "జై తెలంగాణ!" అని అరిచాను. వాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. నేను అంతకంటే గట్టిగా అరిచాను. వాళ్ళు నన్ను తిడుతున్నారని నాకెట్లా తెలుస్తుంది చెప్పండి? పిడికిలి ఎత్తినవాడు నినాదం ఇస్తున్నాడో, అమ్మనా బూతులు తిడుతున్నాడో దూరం నుంచి ఎవడికి తెలుస్తుంది?

సైరన్ ఇంకా ఎందుకు మోగలేదా అని మాత్రం ఒక చిన్న అనుమానం వచ్చింది. సైరన్ కొట్టేవాడు కూడా సమ్మెలోకి పోయి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. జేబులోంచి సెల్లు తీసి టైము చూస్తే అయిపోయేది. చూడలేదు. పైగా డప్పు పాట మంచి ఊపు మీదుంటే, జనాన్ని హుషారు చేద్దామని మిషన్ పట్టుకునే నడుం ఊపాను. ఊపుతూ ఊపుతూ బాపు కళ్ళ ముందే ఇంకో రెండు వరసలు కోసేశాను.

ఇంతలో సారయ్య గేటు ఎక్కాడు. రెండు రోజుల క్రితం గుంజీలు తీసి మెట్లు కూడా ఎక్కలేనన్న మనిషి, కోతిలా గేటెక్కి ఇవతలికి దూకాడు. చేతులు చాపుకుని నా వైపు ఉరికొస్తుంటే, పాత కోపాలు మరిచి కౌగిలించుకోవడానికి వస్తున్నాడని నేనూ చేతులు చాపాను. వాడొచ్చి చెవుల్లోంచి వైర్లు లాగాడు. లాగిన ఊపుకు సెల్లులోంచి కూడా ఊడాయి. అంతే, స్పీకరులోంచి పాట బయటపడింది. అది మామూలు సెల్లు కాదు, పెళ్ళి బ్యాండుకు సరిపోయే మోత. మిషన్ ఆపేసరికి, రోడ్డు మీదున్న జనమంతా విన్నారు ఉద్యమం పాట.

"సైరన్ కొట్టిన్రా?" అన్నాను నేను.

"సైరన్ కొట్టి ఇర్వై నిమిషాలాయె బిడ్డా!" అన్నాడు సారయ్య. అంత ఆనందం వాడి మొహంలో కూతురి పెళ్ళిలో కూడా లేదు.

ఇన్‌చార్జి మేడ మీంచి తాళంచెవి విసిరాడు. గేటు తెరిచారు. బాపు చేతులు ఖాళీగా ఉన్నాయి. దండ ఎక్కడా అని చూస్తే, ఓదెలు మెడలో ఉంది. కొత్తిమీరకు పోయినవాడి మెడలో!

"సైరనెందుకు ఇనపడలేదురా?" అన్నాడు బాపు. గొంతు తగ్గించి అడిగాడు.

"పాటలింటున్న బాపు."

"ఏం పాటలు?"

"మనయే. ఉద్యమం పాటలే."

జనం గొల్లుమన్నారు. బాపు నవ్వలేదు.

"గా పాటలెందుకు కట్టిన్రురా? సమ్మె నాడు నువ్వు చెవులల్ల వెట్టుకొని గడ్డి కొయ్యనీకా? మైకుల నీ పేరు జెప్పిన్రా నేను! నా నోట్లె మన్నువోసినవ్ గదరా!"

వెనక నుంచి సారయ్య అందుకున్నాడు. "నాకు ఒక్క సంతకానికి ఇర్వై అయిదు ఏసినవ్ కొమురన్నా. గిప్పుడు కొడుకు దొరికిండు. సూద్దాం నీ రూలు."

అందరూ బాపు మొహంలోకి చూశారు. బాపు ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

"సారయ్యకు ఇర్వై అయిదు. నా కొడుక్కు యాబై."

యాభై! కొడుకని తగ్గించకపోతే పోనీ, రెట్టింపు చేస్తాడా? పళ్ళు కొరుక్కుంటూ, నేను కోసిన గడ్డి మీదే నిలబడి చెవులు పట్టుకున్నాను. లెక్క పెట్టే పని సారయ్య తీసుకున్నాడు. "ముప్పై ఒకటి... ముప్పై రెండు... ముప్పై రెండు... ఎంతన్న? మర్సిపోయిన. ముప్పై నుంచి మళ్ళ!" వాడు హాజరీ క్లర్కు! వందల మంది లెక్క తప్పకుండా రాసే మనిషి! నాకు వాణ్ణి మిషన్ కింద వేసి తొక్కాలనిపించింది. ఎట్లాగో ముగించి గడ్డి మీద కూలబడ్డాను.

అయిపోయిందనుకున్నాను. సారయ్య వైర్లు పైకెత్తి ఊపాడు.

"ఇయ్యి ఏడ కొన్నవ్ మొగిలీ?"

అప్పుడు నోరు మూసుకోవాలి. మూసుకున్నానా? కోపంలో ఉన్నాను కదా, ఎగిరి చెప్పాను. "నేనెందుకు కొంట? బాపే కొనుక్కొచ్చిండు జనగామ నుంచి! నైట్ షిఫ్టు చేసి పండుకుంటే నా పాటల లొల్లికి నిద్ర వస్తలేదని!"

అందరూ బాపు వైపు తిరిగారు. ఎవడో వెనక నుంచి అన్నాడు, "మరి కొనిచ్చినోనికి ఎన్ని?"

తమాషాకే అన్నాడు వాడు. కానీ బాపు తమాషా మనిషి కాదు. భుజం మీది తువ్వాల తీసి గేటుకు వేసి, రెండు చెవులూ పట్టుకున్నాడు.

"బాపూ! ఏం జేస్తున్నవే!" అని లేచాను.

"అన్నా, వద్దే! ఉత్తగ అన్నరు!" అని సారయ్య చేతులు పట్టుకోబోయాడు.

"జరుగు. లెక్క తప్పకుండ వెట్టు," అన్నాడు బాపు.

ముప్పై ఏళ్ళు బాయిలో వంగి పనిచేసిన మోకాళ్ళవి. కూర్చుంటే టక్కుమంటాయి, లేస్తే టక్కుమంటాయి. ఒక్కరూ నవ్వలేదు. సారయ్య గొంతు ఈసారి ఒక్క అంకె కూడా తప్పలేదు, నాలుగు దాటాక మాత్రం వణికింది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చి, "సాలు ఆపుండ్రి! మీరు మనుషులేనా!" అని అందరి మీదా అరిచాను. నా అరుపు ఎవరూ పట్టించుకోలేదు. పదకొండోదానికి కూర్చున్న బాపు మళ్ళీ లేవలేదు. మోకాలు పట్టేసింది.

ఆటోలు బంద్. బస్సులు బంద్. నలుగురం మోద్దామంటే ముట్టుకోనియ్యలేదు, నొప్పికి గావుకేక పెట్టాడు. మిగిలింది గడ్డి పోసే తోపుడు బండి ఒక్కటే. అందులో కూర్చోబెట్టి నేను పిడి పట్టుకోగానే, ఓదెలు మెడలో దండతో వచ్చి భయంభయంగా అడిగాడు.

"అన్నా, సమ్మెల బండి నూకుడు పని కిందికి రాదా?"

నిజంగానే అందరూ ఆలోచనలో పడ్డారు! మా బాపు అక్కడ మోకాలు పట్టుకుని మూలుగుతుంటే, వీళ్ళు తీర్మానం చేయబోతున్నారు. నేను ఓదెలు గొంతు పట్టుకునేలోపే బండిలోంచి గర్జన వినిపించింది.

"గిది పని గాదురా! గిది నా ఖర్మ! నూకు మొగిలీ!"

నూకాను. గెస్ట్ హౌజ్ నుంచి టెంటు దాకా, బండిలో బాపు, వెనక ఊరేగింపు. దారి పొడుగునా జనం ఇదేదో కొత్త రకం నిరసన అనుకుని మాకు దండాలు పెట్టారు. బాపు ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చేత్తో పిడికిలి ఎత్తి నినాదాలిచ్చాడు. మధ్యలో ఒక గుంట వస్తే వెనక్కి తిరిగి, "నిమ్మళంగ నూకురా! చెవులు ఖాళీగనే ఉన్నయి గద, నా మూలుగన్న ఇను," అన్నాడు.

తెలంగాణ వచ్చింది. బాపు మోకాలు మాత్రం రాలేదు, ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. చెవులు మూసుకున్నందుకు నాకు పడ్డ యాభై న్యాయమేనని ఒప్పుకుంటాను. నోరు తెరిచినందుకు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ శిక్ష వెయ్యలేదు. కాబట్టి నాకు నేనే వేసుకుంటున్నాను. భూపాలపల్లి సైరన్ సాక్షిగా, సారయ్య లెక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో చెవుల్లో వైర్లు పెట్టుకుని గడ్డిపోచ కూడా తెంపను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని పెట్టుకున్నా, అవి ఎవరు కొనిచ్చారని ఎవడైనా అడిగితే, దొంగతనం చేశానని చెబుతాను గానీ మా బాపు పేరు చెప్పను.