అక్క కొన్న అతుకు చీరలు

అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన ఏడు, తొలకరి ముందు, మా అక్కకు నంద్యాలలో టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. అప్పటికి అక్కకు ఇరవై ఒకటి, నాకు పదహారు. పెళ్లయిన రెండేళ్లకే బావ జ్వరం వచ్చి పోయాడు. అత్తగారింటి నుంచి ఆళ్లగడ్డలో మా ఇంటికి తిరిగి వచ్చిన నాటి నుంచీ అక్క ఒంటిమీద తెల్లచీర తప్ప వేరే చీర చూడలేదు నేను.

చదువుకు ఒప్పుకోవడానికే నాయనకు నెలన్నర పట్టింది. మా చిన్నాయన అయితే చివరిదాకా ఒప్పుకోలేదు. "మొగుడు పోయిన పిల్లను టౌనుకు తోలితే నలుగురిలో తలెత్తుకోలేం" అని రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆఖరికి నాయన ఒక పొద్దున అక్కను పిలిచి కొంత డబ్బు చేతిలో పెట్టాడు.

"నంద్యాలకు పోయి నాలుగు తెల్లచీరలు తెచ్చుకో. అగ్గువలో చూడు. ఎక్కువ తిరగాకు."

అమ్మకు ఆ పొద్దు జ్వరం. నాయనకు సేద్యం పని. అందుకని తోడుగా నేను బయలుదేరాను.

బస్సు సిరివెళ్ల దాటాక అక్క నా చెవి దగ్గర మెల్లగా అంది: "మే, నేను తెల్లచీరలు కొనను."

"మరేం కొంటావు?"

"రంగువి. మొన్న సీటు కోసం పోయినపుడు ఆపీసులో జవాను అడిగె, జట్కావాడు అడిగె, నీళ్లిచ్చిన ముసలమ్మ అడిగె. 'పాపం, ఎప్పుడు పాయె నీ మొగుడు' అని. రెండేండ్లు ఆడ ఉండాల నేను. దినామూ అందరికీ చెప్పుకుంటా ఉండాల్నా?"

"నాయన చంపుతాడక్కా. అదీగాక చిన్నాయన నిన్ననే శెనక్కాయలు తోలుకొని నంద్యాలకు పోయినాడు. ఆడే ఉంటాడు."

"ఉంటే ఉండనీ" అంది గాని, చేతిలోని సంచిని ఎంత గట్టిగా పట్టుకుందో నాకు కనిపిస్తూనే ఉంది.

బజారులో మొదట పెద్ద అంగడికి పోయాం. తెల్లటి పరుపులు, అద్దాల బీరువాలు. గుమాస్తా అక్కను ఒక్కసారి చూసి, ఏమీ అడక్కుండానే తెల్లచీరల దొంతి ముందర వేశాడు. అక్క గొంతు సవరించుకొని "రంగువి చూపించప్పా" అంది. అతను నా వైపు తిరిగి "నీకా పాపా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు గల్లాపెట్టె దగ్గరున్న షావుకారు కళ్లజోడు సవరించుకున్నాడు.

"మీది ఆళ్లగడ్డ గదా? మీ నాయనను ఎరుగుదునే నేను."

మళ్లీ వస్తామని చెప్పి బయటపడ్డాం. రెండో అంగడిలో మంచి వాయిల్ చీరలున్నాయి. ధర వింటే మా డబ్బుకు ఒకటిన్నర కూడా వచ్చేట్టు లేదు. మూడోచోట చవకే గాని, అక్క తడి వేలితో రుద్దితే రంగు వేలికంటింది. ఎండ నడినెత్తికొచ్చింది. నేను ప్రతి తలగుడ్డనూ చిన్నాయన తలగుడ్డే అనుకొని ఉలిక్కిపడుతున్నాను. "తెల్లవి కొనేసి పోదాం అక్కా" అని రెండుసార్లన్నాను. అక్క ఇంకో అంగడి కోసం వెతుకుతూనే ఉంది.

సోడాలమ్మే అతన్ని అడిగితే, వెనక సందులో ఒక ముసలి సాయిబు ముక్కల అంగడి ఉందని చెప్పాడు. చిన్న గది. గుమ్మం దాకా గుడ్డముక్కల గుట్టలు. మిల్లులో చిరిగినవి, మచ్చ పడినవి బేళ్లుగా వస్తాయట. రెండు ముక్కలు ఒక రకానివి దొరికితే, లోపల ఆయన భార్య మిషన్ మీద కలిపి కుట్టి చీర చేసి ఇస్తుంది. అట్లాంటివాటిని అతుకు చీరలనేవాళ్లం.

సాయిబు అక్క తెల్లచీరను చూశాడు. ఎవరికని అడగలేదు.

"దినామూ కట్టేదానికా తల్లీ, యాడికన్నా పోయేదానికా?"

"దినామూ కట్టేదానికే."

"అయితే ముదురు రంగు తీసుకో. మాపు ఓర్చుకుంటాది. అతుకు కుచ్చిళ్ల లోపలికి పోతాది, ఎవురికీ అగపడదు."

నీలం మీద నల్లగళ్ల ముక్క ఒకటి లాగి ఇచ్చాడు. అక్క దాన్ని భుజం మీద వేసుకొని చూసుకుంది. నాలుగేళ్ల తర్వాత అక్క ఒంటిమీద రంగు చూడటం అదే. ఆ క్షణంలో నేను భయం మరిచిపోయాను. సాయిబు జత ముక్క కోసం గుట్ట కెలుకుతున్నాడు.

"జీతగాండ్లకు తువ్వాళ్ల ముక్కలుండాయా సాయిబూ?"

గుమ్మంలో చిన్నాయన.

అక్క భుజం మీది గుడ్డను, అక్క మొహాన్ని మార్చి మార్చి చూశాడు. "ఏందీ ఇది?"

"నాకే చిన్నాయనా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. "నాకే. అక్క మీద ఏసి చూస్తాండా."

చిన్నాయన మొహం కాస్త సడలింది. "నీకైతే సరే. దానిమీద ఎందుకు ఏసినావు, బుద్ధి లేకుండా?"

అక్కడితో అయిపోయేది. అక్క ఊరుకుంటే చాలు. ఊరుకో అక్కా, ఊరుకో అని లోపల మొక్కుకుంటున్నాను. అక్క భుజం మీది ముక్క తీసి, మడత పెట్టి, ఒళ్లో పెట్టుకుంది.

"దానికి కాదు చిన్నాయనా. నాకు. నేను కట్టుకునేదానికే కొంటాండా."

సందులో పోయేవాళ్లు ఇద్దరు ఆగారు.

"మీ నాయనకు తెలుసునా?"

"తెలీదు. పోయినాంక చెప్తా."

చిన్నాయన సాయిబు వైపు తిరిగాడు. "ఆ ముక్కలు లోపల పెట్టు. మా పిల్లకు అమ్మాకు."

చిన్నాయన ఆయనకు పాత బేరం. ఏటా జీతగాళ్లందరికీ గుడ్డలు ఆ అంగడిలోనే తీసేవాడు. సాయిబు గుట్టలోంచి చేతులు తీసి తుడుచుకున్నాడు.

"ఆయమ్మ అడిగింది, నేను చూపిస్తాండా. వద్దంటే ఆయమ్మే అనాల అప్పా. నువ్వంటే ఎట్ల?"

"అట్లనా? ఇంక నీ అంగడి మెట్టు ఎక్కితే అడుగు" అని చిన్నాయన విసురుగా వెళ్లిపోయాడు.

నేను గుట్ట మీదే కూలబడ్డాను. అక్క మళ్లీ ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. మూడు జతలు రంగువి దొరికాయి. మిగిలిన డబ్బుకు ఒక తెల్లది తీసుకుంది. "ఇది నాయన మొగం చూసి" అంది. లోపల సాయిబు భార్య వాటిని మిషన్ మీద గడగడా కుట్టి ఇచ్చింది.

బండిని జీతగానికి వదిలి, సాయంకాలం బస్సులో చిన్నాయన ముందు సీట్లోనే ఉన్నాడు. ఆళ్లగడ్డ దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. దిగి, మాకంటే ముందు మా ఇంటి వైపు విసవిసా నడిచాడు. మేం చేరేసరికి అంతా చెప్పేశాడు. నాయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. జ్వరంతోనే అమ్మ లేచొచ్చి వాకిలి పట్టుకొని నిలబడింది.

"సంచి ఈడ పెట్టు" అన్నాడు నాయన.

అక్క చీరలు తీసి వరసగా పరిచింది. నాయన నీలంగళ్ల చీర చేతిలోకి తీసుకొని, కుట్టు తగిలినచోట ఆగాడు.

"ఇది అతుకు చీర గదా."

"అవు నాయనా. నువ్విచ్చిన దుడ్లకు కొత్తవి రంగువి రావు."

"తెల్లవి వస్తాయి గదా."

"వస్తాయి. నాకు అవి వద్దు."

అక్క అట్లా నాయనకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. నాయన చాలాసేపు ఆ కుట్టు మీద బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను. చదువు మాన్పిస్తాడనుకున్నాను.

"ఆడ ఏమన్నా కట్టుకో" అన్నాడు చివరికి, అక్క మొహం చూడకుండా. "ఈ ఊర్లో బస్సు దిగేటపుడు మాత్రం తెల్లది కట్టుకోని దిగు."

"అంతేనా అన్నా?" అన్నాడు చిన్నాయన.

"అంతే."

చిన్నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. నా పెళ్లి దాకా మళ్లీ మా గడప తొక్కలేదు.

అక్క ఆ మాట ఏడాది పైగా తప్పలేదు. శనివారం వచ్చేటప్పుడు తెల్లచీరలో వచ్చేది, సోమవారం తెల్లచీరలో పోయేది. రెండో ఏడు వానల్లో ఒకసారి, పాతవి చినిగిపోగా మిగిలిన ఒక్క తెల్లదీ ఆరక, నీలంగళ్ల చీరలోనే దిగింది. బస్టాండు నుంచి ఇంటిదాకా వీధి వీధంతా చూసింది. నేను ఎదురుపోయి గొడుగు పట్టాను. నాయన అరుగు మీదే ఉన్నాడు. అక్క మెట్టు దగ్గర ఆగిపోయింది.

నాయన తల ఎత్తి చూశాడు.

"బస్సు లేటాయెనా?" అన్నాడు. "లోపలికి రా, తడుస్తాండావు."