భయపడుతూనే బోనెక్కిన మా వదిన

మా వదిన లక్ష్మీదేవమ్మ ఇక లేరు. పోయిన శుక్రవారం మధ్యాహ్నం, నగర్తపేటలో నేను పనిచేసే కరెంటు వైర్ల దుకాణానికి ఫోన్ వచ్చింది. అవతల మా అన్న. "ఒరే శీనా, మీ వదిన ఎంత పిలిచినా పలకలేదురా" అన్నాడు. అన్నం తిని కాసేపు పక్కమీద ఒరిగిందట, ఆ ఒరగడం ఒరగడమే. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆ కబురు విన్నాక కూడా నేను గిరాకీకి వైరు చుట్ట తీసిచ్చి, సరిగ్గా చూసుకొమ్మని చెప్పానట. నాకేమీ గుర్తులేదు. దుకాణం మెట్లు దిగాక మాత్రం ఫుట్‌పాత్ మీదే కూలబడ్డాను.

ఈ కన్నడసీమలో మా తెలుగు సంఘం పత్రికవారు ఈ సంస్మరణ రాయమన్నారు. రాయమని ఊరుకోక, "ధీరవనిత, సాహసమూర్తి అని ఆరంభించండి, కోర్టులో ఆమె నిలబడిన తీరు నలుగురికీ తెలియాలి" అని ఉపదేశం కూడా చేశారు. అయ్యా, క్షమించాలి. దివంగతుల గురించి అబద్ధం రాయడం నావల్ల కాదు. అంత పిరికి మనిషిని నేను ఈ జన్మలో చూడలేదు. భయం ఆమెకు నిత్యకృత్యం, స్నానం, దీపారాధనల సరసన చేరిన అనుష్ఠానం. ఆ భయాన్ని దాచిపెట్టి ఆమె ఔన్నత్యాన్ని కీర్తించబూనడం ఆమె స్మృతికి అపచారమే అవుతుంది.

బాగేపల్లి దగ్గరి పల్లెనుంచి పెళ్ళయి బొమ్మనహళ్ళి వచ్చింది వదిన. అమ్మ పోయాక నేనూ వాళ్ళింటికే చేరాను. ఇంటికి దగ్గర్లోని గార్మెంట్సు ఫ్యాక్టరీలో ఆమె చొక్కాలకు కాలర్లు కుట్టేది. కుక్కరు పొయ్యిమీద పెడితే కూత వచ్చేదాకా వాకిట్లో నిలబడేది. లిఫ్టు ఎక్కేది కాదు, ఆయాసపడుతూ మెట్లే ఎక్కేది. వీధిలో పోలీసు కనబడితే చాలు, ఏ పాపమూ ఎరగని ఆ ఇల్లాలు తలమీద కొంగు లాక్కుని పక్క సందులోకి తిరిగేది. నేను ఊరుకుంటానా? "వదినా, నిన్నే వెతుకుతున్నాడు, పరిగెత్తు" అని ఏడిపించేవాణ్ణి. "నవ్వప్పా నవ్వు. భయపడేది తప్పా? నేను భయపడబట్టే మీరు ఇట్ల నవ్వుకుంటా తిరుగుతా ఉండారు" అనేది. ఆ మాటను మేము వేళాకోళంగానే తీసుకున్నాం.

తొంభైల నడిమి రోజులవి. హోసూరు రోడ్డు ఒంటరిగా దాటడం ఆమెకు ప్రాణసంకటం. అందుకని సాయంత్రం ఫ్యాక్టరీ వదిలే వేళకు నేను మోపెడ్ మీద వెళ్ళి తీసుకొచ్చేవాణ్ణి. ఆ రోజు వాన వెలిసి రోడ్డంతా బురదగా ఉంది. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఆగి ఉన్నాను. సామాను టెంపో ఒకటి తప్పుదారిన వచ్చి నన్ను గుద్ది, తొడమీదుగా పోయింది. గేటు దాటి బయటికి వస్తున్న వదిన కళ్ళముందే ఇది జరిగింది. ఆ తర్వాతి సంగతులన్నీ ఆమె చెప్పగా విన్నవే, నాకు స్పృహ లేదు.

నన్ను ఆటోలో వేసుకుని దగ్గరున్న నర్సింగ్‌హోముకు పోయింది. "యాక్సిడెంటా? పోలీసులు రాకుండా మేము ముట్టుకోము, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అని గేటు దగ్గరే తిప్పి పంపారు. పెద్దాసుపత్రి చాలా దూరం. ఆ సమయంలో ఆ రోడ్డుమీద బండి కదలడమే గగనం. ఆమె చీరంతా నా నెత్తురు. ఒడిలో నా తల చల్లబడుతోందట. ఇంకో నర్సింగ్‌హోము ముందు ఆటో ఆపించి, లోపలి నర్సు ఏమయిందని అడిగితే, "మెట్లమీంచి పడినాడమ్మా" అంది. వెంటనే లోపలికి తీసుకున్నారు. నర్సు ఆ మాటే రాసుకుంది. ఆ అబద్ధంతోనే ఆ రోజు నా ప్రాణం నిలబడిందని ఆపరేషన్ చేసిన డాక్టరే తర్వాత అన్నాడు.

ప్రాణం నిలిచింది గానీ కాలు నిలిచేటట్టు కనబడలేదు. తొడ ఎముక అతుక్కోలేదు, లోపల వేసిన రాడ్డు చుట్టూ చీము పట్టింది. మళ్ళీ ఆపరేషన్ చేయాలి, ఎముక ముక్క తీసి అతికించాలి, ఆలస్యమయితే కాలు తీసేయవలసి రావచ్చు అన్నాడు డాక్టరు. మొదటి వైద్యానికే అన్న తాను పనిచేసే ఫ్యాక్టరీలో, చుట్టాల దగ్గర దొరికినంతా అప్పు చేశాడు. ఇక మాకు మిగిలిన దారి ఒక్కటే, ఆ టెంపో ఇన్సూరెన్సు కంపెనీ మీద నష్టపరిహారం కేసు. టెంపో నంబరు గుర్తుపెట్టుకున్న టీకొట్టతని సాక్ష్యంతో, ఆలస్యంగానే అయినా, అన్న పోలీసు కంప్లయింటు ఇచ్చి దావా వేశాడు. కేసు నడిచిన ఆ రెండేళ్ళూ నేను చంకకర్రల మీద తిరుగుతూ, ప్రతి జ్వరానికీ కాలు పోతుందేమోనని వణికాను. పగలు ఎంత జోకులు వేసినా, కట్టు విప్పేటప్పుడు ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు ఏడుపొచ్చేది.

కంపెనీవాళ్ళు కోర్టులో ఒకే మాట పట్టుకున్నారు. ఆసుపత్రి కాగితంలో మెట్లమీంచి పడ్డాడని ఉంది, ఇప్పుడు పరిహారం కోసం టెంపో కథ అల్లుతున్నారు అని. మా లాయరు తల పట్టుకున్నాడు. చివరికి అతనే ఉపాయం చెప్పాడు. "అమ్మా, మీరు టెంపో గుద్దిందనే చెప్పినారు, నర్సే తప్పు రాసుకుంది. బోనులో అంతే చెప్పండి, ఇంకేం మాట్లాడొద్దు." అన్నకు ఆ మాట నచ్చింది. వదిన మాత్రం అవుననలేదు, కాదనలేదు.

ఆ వారం ఇంట్లో ఆమె పడిన యాతన చూడలేకపోయాం. "ఆసుపత్రిలో అబద్ధం చెప్పినందుకు జైల్లో ఏస్తారా అప్పా?" అని నన్ను అడిగింది. ఎవరూ వేయరు వదినా అన్నాను. నమ్మలేదు. కోర్టుకు వెళ్ళే ముందురోజు అన్నను వంటింట్లోకి పిలిచి, సాంబారు పొడి ఎక్కడ ఉందో, చింతపండు ఎక్కడ పెట్టిందో, నా కట్టు మార్చే ముందు నీళ్ళు ఎంతసేపు కాగనివ్వాలో ఒక్కొక్కటే చెప్పింది. తాను తిరిగి రాననే అనుకుంటోందని అప్పుడు గాని మాకు అర్థం కాలేదు. అన్న గట్టిగా కసిరాడు. ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ చింతపండు దగ్గరినుంచి మొదలుపెట్టింది.

కోర్టు వరండాలో బెంచీమీద ఆ నర్సు కూర్చుని ఉంది. కంపెనీ వైపు సాక్షిగా పిలిపించారట. చిన్నపిల్ల, మనిషి బక్కగా ఉంది. వదినను చూసి లేచి వచ్చి, "అమ్మా, మీరు చెప్పిందే నేను రాసినాను కదమ్మా. తప్పు రాసినానంటే మా డాక్టరు ఉద్యోగంలోంచి తీసేస్తాడు. నా జీతం మీదే మా ఇల్లు జరుగుతా ఉండాది" అంది. వదిన ఆ పిల్ల చేతులు పట్టుకుంది. అసలు ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కువ వణుకుతున్నారో చెప్పడం కష్టం.

పిలుపు వచ్చింది. వదిన బోను ఎక్కి కమ్మీని గట్టిగా పట్టుకుంది. ప్రమాణపు మాటలు తడబడితే గుమాస్తా రెండుసార్లు చెప్పించాడు. ఎదుటి లాయరు కన్నడంలో అడిగాడు, మెట్లమీంచి పడ్డాడని ఆసుపత్రిలో రాశారు, ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది అని. మా లాయరు ఆమెనే చూస్తున్నాడు. అన్న దేవుడికి మొక్కుతున్నాడు. నేను నా కాలు చూసుకుంటున్నాను.

"నేనే చెప్పినా సామీ" అంది వదిన.

అంతా అయిపోయింది, కాలు పోయినట్టే అనుకున్నాను. ఆ క్షణాన ఆమెమీద ఒళ్ళు మండిపోయింది కూడా, దాచడమెందుకు? ఎందుకు చెప్పారని జడ్జిగారు తామే అడిగారు. అప్పుడామె తెలుగూ కన్నడమూ కలిపి, ఏడుస్తూనే చెప్పింది. "టెంపో గుద్దింది నేను కండ్లారా చూసినా సామీ. ముందు పోయిన ఆసుపత్రిలో యాక్సిడెంటు అంటే పోలీసులు రావల్ల అని తరిమేసినారు. ఈడు నా ఒళ్ళో చచ్చిపోతా ఉండాడు. భయమైంది. మెట్లు అంటే చేర్చుకుంటారని అట్ల చెప్పినా. ఆ పాప తప్పేమీ లేదు, నేను చెప్పిందే రాసింది."

ఎదుటి లాయరు వదలలేదు. "అప్పుడు అవసరానికి అబద్ధమాడిన మనిషివి, ఇప్పుడు డబ్బు అవసరమొచ్చి అబద్ధమాడటం లేదని ఎలా నమ్మాలి?" అన్నాడు.

"అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయంగా ఉండాది సార్. జైలుకు పంపితే పోతా. ఇంకోతూరి అబద్ధం చెప్పేకి నాకు చేతకాదు" అంది. ఆ తర్వాత బోను దిగలేకపోయింది. ఆ నర్సే వచ్చి దింపింది.

తీర్పు వచ్చేదాకా నెలల తరబడి మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. తలుపు చప్పుడయితే పోలీసులేనని వదిన వంటింట్లోకి పోయేది. చీము పెరుగుతోందని డాక్టరు కోప్పడేవాడు. తీరా తీర్పు వచ్చిన రోజు మా లాయరు పరుగున వచ్చి చదివి వినిపించాడు. తనకు నష్టమని తెలిసీ నిజం చెప్పిన ఈ సాక్షిని అవిశ్వసించడానికి కారణం కనబడలేదని జడ్జిగారు రాశారు. జరిగిన వైద్యానికీ, జరగవలసిన ఆపరేషన్‌కూ ఖర్చు ఇప్పించారు. అన్న వదిన కాళ్ళమీద పడబోయాడు. ఆమె కంగారుగా వెనక్కి జరిగి, "నన్ను జైలుకు పిలవలేదు గదా?" అని లాయరును అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియక అందరం రెండూ చేశాం.

ఆపరేషన్ జరిగింది, ఎముక అతుక్కుంది. చంకకర్రలు అటకెక్కాయి. నాకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, అందరం ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆ నర్సు పెళ్ళికి వదిన వెళ్ళి పీటలదగ్గర కూర్చుంది. దీని తర్వాత ఆమెకు ధైర్యం వచ్చిందని రాస్తే కథకు బాగుంటుంది గాని, రాలేదు. పోయేదాకా పోలీసును చూస్తే పక్క సందులోకే తిరిగింది. ధైర్యవంతులు నిజం చెప్పడంలో విశేషమేముంది? నిలువెల్లా భయమే అయిన మనిషి, ఆ భయంతోనే న్యాయస్థానంలో నిలబడి, ఒక పరాయి పిల్ల అన్నం కోసం తన మరిది కాలును పణంగా పెట్టి సత్యం పలికింది. అటువంటి మహనీయమూర్తిని నేను మళ్ళీ చూడబోను. ఆ పాదాలకు సాష్టాంగ నమస్కారం.

శనివారం పాడె మోయడానికి ముందుకు వెళ్తే, "నీకెందుకు శీనా, కాలు బాగలేనోడివి" అని ఎవరో భుజం పట్టి లాగారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె నిలబెట్టిన కాలు ఆమె కోసం నడవకపోతే ఇంకెందుకు? శ్మశానం దాకా భుజం మార్చుకోలేదు.

నిన్న సాయంత్రం మా పాప స్కూలు బండి రావడం ఆలస్యమయింది. వాన పడుతోంది. వీధి చివరిదాకా చూశాను, జాడ లేదు. భయమేసింది. ఇన్నేళ్ళూ మా అందరి వంతు భయం ఆమె ఒక్కతే పడింది, మాకు ఆ పని అలవాటు కాలేదు. ఏం చేయాలో తోచక, వదినతో చెబుదామని గబగబా లోపలికి నడిచాను.